సెస్సు కట్టాం, పుస్తకం ఏదీ?

తెలుగు రాష్ట్రాల్లో కొన్నేళ్లుగా బడులకు ఏప్రిల్ 23 ఆఖరి పనిదినం. మర్నాటి నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు. ప్రపంచ పుస్తక దినంగా యునెస్కో 1995లో ఎంచుకున్నదీ ఆ ఏప్రిల్ 23నే. కాకతాళీయమే గానీ చిత్రమైన పొంతన. పుస్తక పఠనం మీద ఉపన్యాసాలు దంచిన రోజు సాయంత్రమే బడిలోని పుస్తకాల బీరువాకు తాళం పడుతుంది. 49 రోజులు ఆ తాళం తీసే నాథుడుండడు. సర్కారు బడిలో చదివే పిల్లవాడి ఇంట్లో పాత పాఠ్యపుస్తకాలు తప్ప అచ్చు కాగితం కనిపించడం అరుదు. ఉన్నవాళ్ల పిల్లలు ఈత నేర్చుకోవడానికో, ఫీజు కట్టిన సమ్మర్ క్యాంపులకో వెళతారు. మిగిలినవాళ్లకు వీధి, ఎండ, అమ్మ సెల్‌ఫోను. దేశంలో గ్రామీణ ప్రాంతాల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 42.8 శాతమేనని విద్యా స్థితిగతులపై వెలువడే అసర్ 2022 నివేదిక చెప్పింది. అంతంతమాత్రంగా చదివే పిల్లలను ఏడు వారాలు పుస్తకానికి దూరంగా ఉంచితే జూన్‌లో టీచరు మళ్లీ వెనక్కి వెళ్లి మొదలుపెట్టాల్సిందే.

ఈ ఖాళీని పూరించే బాధ్యత పౌర గ్రంథాలయాల మీద పడింది. శాఖా గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు జరపాలని ఏటా పైనుంచి ఆదేశాలొస్తాయి. కథలు చదివించడం, కథలు చెప్పించడం, బొమ్మలు వేయించడం, స్పోకెన్ ఇంగ్లిష్, చదరంగం, యోగా, క్విజ్ అంటూ జాబితా పొడుగ్గానే ఉంటుంది. ఆలోచన నూటికి నూరుపాళ్లూ మంచిది. డబ్బు మాట వచ్చేసరికి మాత్రం ఆ ఆదేశాల గొంతు తగ్గుతుంది. స్థానిక దాతలున్నారు కదా, స్వచ్ఛంద సంస్థలున్నాయి కదా అన్న సలహా వినిపిస్తుంది. లైబ్రేరియన్ రైస్‌మిల్లు యజమాని దగ్గరికి, మందుల షాపాయన దగ్గరికి, రిటైరైన హెడ్‌మాస్టారి దగ్గరికి వెళ్లి చేతులు నలుపుకుంటూ నిలబడాలి. ఇచ్చినవారి పేరు ఫ్లెక్సీలో పెద్దక్షరాల్లో వేయించాలి. ఆ ఫ్లెక్సీ ఖర్చు పెట్టుకునేది ఎవరని అడగకండి.

ఇంతకీ శిబిరానికి ఎంతవుతుంది? ఒక మండల కేంద్రంలో 40 మంది పిల్లలు, సెలవు రోజులు పోగా 40 రోజుల శిబిరం అనుకుందాం. ఎండన పడి వచ్చిన పిల్లకు ఓ గ్లాసు మజ్జిగో, బిస్కెట్లో ఇవ్వాలి. తలా 10 రూపాయల చొప్పున 16,000. కాగితాలు, రంగు పెన్సిళ్లు, జిగురు, కత్తెరలు 4,000. యాభై రూపాయల ధరలో వంద కొత్త బాలల పుస్తకాలు 5,000. వారానికి రెండుసార్లు కథలు చెప్పేవారో బొమ్మలు నేర్పేవారో వస్తే, మనిషికి మూడు వందల దారి ఖర్చు చొప్పున ఆరు వారాలకు 3,600. మొత్తం 28,600. ముప్పై వేలు కూడా దాటలేదు. ఈ మాత్రం సొమ్ము కోసం ఒక ప్రభుత్వ సంస్థ జోలె పట్టాలా అన్నది అసలు ప్రశ్న.

పట్టనక్కర్లేదు. ఆ డబ్బు మన దగ్గర ఇప్పటికే వసూలవుతోంది. మునిసిపాలిటీ పంపే ఆస్తిపన్ను నోటీసు ఒకసారి తీసి చూడండి. పన్ను వివరాల మధ్య గ్రంథాలయ సెస్సు అన్న పద్దు ఒకటుంటుంది. పన్ను రూపాయికి 8 పైసలు. ఏడాదికి 2,500 రూపాయల పన్ను పడే ఇంటి నుంచి 200 రూపాయలు గ్రంథాలయం పేరు మీద కట్టించుకుంటున్నారు. అలాంటి 150 ఇళ్ల సెస్సు పైన చెప్పిన శిబిరానికి సరిపోయి పైన మిగులుతుంది. పంచాయతీల్లో ఇంటిపన్ను తక్కువ కాబట్టి అయిదు వందలే అనుకుందాం. సెస్సు 40 రూపాయలు, 750 ఇళ్లు కావాలి. మేజర్ పంచాయతీ అంటే అంతకన్నా ఎక్కువ గడపే ఉంటుంది. ఏడాదంతా నడవాల్సిన గ్రంథాలయానికి శిబిరం ఒక్కటే ఖర్చు కాదు, నిజమే. అయినా ముప్పై వేలకు దాతను వెతుక్కోవలసినంత కొరత ఈ లెక్కలో ఎక్కడా కనబడదు.

ఈ సెస్సు ఎందుకొచ్చిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి. తెలుగునేల మీద తొలినాటి గ్రంథాలయాలు చాలావరకు ప్రభుత్వం పెట్టినవి కావు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం చందాలతో, విరాళాలతో లేచి నిలబడ్డాయి. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులను ఒకచోట చేర్చి సంఘం కట్టారు. గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం 1935లో కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పించారు. వింటే ఒళ్లు పులకరించే చరిత్ర. కానీ ఆ ఉద్యమకారులకే బాగా తెలిసిన సంగతి ఇంకొకటుంది. దాత ఉన్నంత కాలమే గ్రంథాలయం ఉంటుంది, దాత పోతే తలుపు మూతపడుతుంది. అందుకే వాళ్లు చట్టం అడిగారు. 1948లో మద్రాసు రాష్ట్రంలో, 1955లో హైదరాబాద్ రాష్ట్రంలో చట్టాలొచ్చాయి. రెండు ప్రాంతాలూ కలిశాక వాటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని చేతిలో నిధి, ఆ నిధికి ఆధారం సెస్సు. చందా పుస్తకం పట్టుకుని ఎవరి గుమ్మమూ ఎక్కనక్కర్లేకుండా చేయడమే ఆ చట్టం ఉద్దేశం. అరవై అయిదేళ్లు దాటాక లైబ్రేరియన్‌ను మళ్లీ దాతల గుమ్మం ముందు నిలబెడుతున్నామంటే మనం 1960కి ముందటి కాలానికి వెళ్లిపోయినట్టే.

సెస్సు ఎక్కడ ఆగిపోతోంది? వసూలు చేసేది మునిసిపాలిటీ, పంచాయతీ. దాన్ని విడదీసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాల్సిందీ అవే. ఈ రెండో పని దగ్గరే బండి కూరుకుపోతుంది. అన్ని పన్నులూ ఒకే ఖాతాలో పడతాయి. నెలాఖరుకు పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, వీధిదీపాల కరెంటు బిల్లు, తాగునీటి పంపుల మరమ్మతు వరస కడతాయి. జీతం అందని కార్మికుడు చీపురు కింద పెడితే మర్నాడు ఊరంతా గగ్గోలు. గ్రంథాలయానికి సెస్సు అందకపోతే అడిగేవాడు లేడు. కమిషనర్ ఏది ముందు చెల్లిస్తాడో చెప్పాల్సిన పనిలేదు. ఆయన్ను దొంగను చేయడం నా ఉద్దేశం కాదు. చేతికొచ్చిన డబ్బుతో ఏ మంట ముందు ఆర్పాలో చూసుకునే స్థితిలో ఆయన ఉన్నాడు. కాకపోతే ఆ డబ్బు ఆయనది కాదు, గ్రంథాలయానిది. బకాయిలు ఏటికేడు పేరుకుంటాయి, కోట్లకు చేరతాయి, ఏదో ఒక సర్వసభ్య సమావేశంలో ప్రస్తావనకొస్తాయి, ‘వసూలుకు చర్యలు తీసుకోవాలి’ అన్న తీర్మానంతో ఆ ప్రస్తావన ముగుస్తుంది. తీరా జమైన కాస్త సొమ్మూ ఖజానాలోని పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాలో ఉంటే దాన్ని ఖర్చు పెట్టడానికి ఖజానా దయ కావాలి. మేలో జరిగిన శిబిరం బిల్లు ఎప్పటికి పాసవుతుందో ఆ బిల్లు పెట్టినవాడికే తెలియదు. సొంత జేబు నుంచి పెట్టి ఒకసారి దెబ్బ తిన్న ఉద్యోగి మరుసటి ఏడాది శిబిరాన్ని ఫొటోలతో సరిపెడితే అతణ్ని తప్పుపట్టడం కష్టం.

ఇక్కడ ఒక పోలిక అవసరం. ఉద్యోగి జీతంలోంచి కోసిన భవిష్యనిధి సొమ్మును యజమాని జమ చేయకుండా వాడుకుంటే అది నేరం, కేసు పెడతారు. పౌరుడి దగ్గర గ్రంథాలయం పేరు చెప్పి తీసుకున్న సెస్సును స్థానిక సంస్థ వేరే పనికి వాడుకుంటే దాన్ని ‘బకాయి’ అంటారు. స్వభావంలో రెండూ ఒకటే, ఇద్దరూ ఇతరుల సొమ్ముకు ధర్మకర్తలే. శిక్షలు పడాలని నేననను. మునిసిపల్ కమిషనర్లను కోర్టుల చుట్టూ తిప్పితే పుస్తకాలు రావు. దానికన్నా సులువైన మార్గం ఉంది. ఆస్తిపన్ను ఇప్పుడు ఆన్‌లైన్లో కడుతున్నాం. జీఎస్‌టీ కట్టినప్పుడు కేంద్రం వాటా, రాష్ట్రం వాటా వేర్వేరు పద్దుల్లో పడుతున్నాయి. అలాగే పన్ను చెల్లించిన క్షణంలోనే రూపాయికి 8 పైసలు జిల్లా గ్రంథాలయ సంస్థ ఖాతాకు మళ్లేలా సాఫ్ట్‌వేర్ మార్చడం బ్రహ్మవిద్య కాదు. విడదీయాల్సిన అవసరమే లేకపోతే విడదీయలేదన్న తగవూ ఉండదు.

పొరుగు రాష్ట్రాలు మనకన్నా గొప్పగా ఉన్నాయా? తమిళనాడులో సెస్సు రూపాయికి 10 పైసలు, కర్ణాటకలో 6. బెంగళూరు నగరపాలిక గ్రంథాలయ శాఖకు బకాయి పడ్డ సంగతి అక్కడి పత్రికల్లోనూ తరచూ వచ్చేదే. రోగం అందరిదీ. కాకపోతే కర్ణాటక ఒక పని చేసింది. గ్రామ పంచాయతీ గ్రంథాలయాలను 2019లో గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ శాఖ కిందికి తెచ్చి, మరుసటి ఏడాది పిల్లలను ఉచితంగా సభ్యులుగా చేర్పించే కార్యక్రమం మొదలుపెట్టింది. కోవిడ్‌తో బడులు మూతపడిన కాలం అది. బడి లేనప్పుడు గ్రంథాలయం ఉండాలన్న ఇంగితం ఆ నిర్ణయంలో ఉంది. మనకు ఏటా వచ్చే 49 రోజుల మూత కూడా చిన్నపాటి అలాంటి పరిస్థితే.

ఇక శిబిరం సంగతి. డబ్బు రావడం ఎంత ముఖ్యమో, వచ్చాక దాన్ని దేనికి ఖర్చు పెడతారన్నదీ నాకు అంతే ముఖ్యంగా తోస్తుంది. ఇప్పటి శిబిరాల మీద ప్రైవేటు సమ్మర్ క్యాంపుల నీడ బలంగా పడింది. ప్రారంభోత్సవం, ముఖ్య అతిథి, శాలువా, ముగింపు సభ, సర్టిఫికెట్లు. క్యారమ్స్ ఎక్కడైనా ఆడుకోవచ్చు. యోగా గుడి ఆవరణలోనూ నేర్పుతారు. గ్రంథాలయం మాత్రమే చేయగలిగిన పని ఒక్కటే ఉంది, పిల్లవాడి చేతికి అతను ఎంచుకున్న పుస్తకాన్నిచ్చి ఇంటికి పంపడం. చిత్రమేమిటంటే చాలాచోట్ల జరగనిది అదే. పిల్లలు బెంచీల మీద వరసగా కూర్చుంటారు, బీరువాలోంచి తీసిన పుస్తకాలు తలా ఒకటి పంచుతారు, ఫొటో తీస్తారు, గంట కాగానే పుస్తకాలు లెక్కపెట్టి మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేస్తారు. సగం కథలో ఆగిపోయిన పిల్లకు రేపు అదే పుస్తకం దొరుకుతుందన్న భరోసా లేదు.

ఇది లైబ్రేరియన్ మొండితనం అనుకుంటే పొరపాటు. ప్రతి పుస్తకానికీ నమోదు రిజిస్టర్‌లో ఒక నంబరుంటుంది. తనిఖీలో ఆ నంబరుకు పుస్తకం కనబడకపోతే సంజాయిషీ, ఆ తర్వాత ధర రాబట్టడం. ధరావతు కట్టిన పెద్దల దగ్గర పోతే ధరావతులోంచి తీసుకోవచ్చు. ధరావతు కట్టలేని మూడో తరగతి పిల్ల దగ్గర చిరిగిపోతే? అరవై రూపాయల పుస్తకం కోసం ఏళ్ల తరబడి ఆడిట్ అభ్యంతరం మోయడం కన్నా బీరువాకు తాళం వేయడమే క్షేమమని ఏ ఉద్యోగికైనా అనిపిస్తుంది. పుస్తకం భద్రంగా ఉంటుంది, పిల్లలు చదవకపోవడాన్ని మాత్రం ఏ ఆడిటూ అభ్యంతరంగా రాయదు.

దీనికి మందు కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళిలోనే ఉంది. 2017 నాటి ఆ నియమావళిలో 215వ నియమం ప్రకారం గ్రంథాలయంలో ఏడాదికి వెయ్యి పుస్తకాలు చదవడానికి ఇస్తే అయిదు పోవడం సహజ నష్టమే, నిజాయితీ లోపమో నిర్లక్ష్యమో కారణం కాకపోతే చాలు. ఆ నియమం కేంద్ర సంస్థలకు వర్తించేది. అదే సూత్రాన్ని రెండు రాష్ట్రాల గ్రంథాలయ శాఖలూ ఉత్తర్వుగా ఇచ్చి, బాలల పుస్తకాలకు ఇంకాస్త ఉదారంగా వెయ్యికి యాభై అన్నా నష్టమేమీ లేదు. యాభై రూపాయల పుస్తకాలు యాభై పోతే 2,500 రూపాయలు. ఒక ప్రారంభోత్సవానికి షామియానా, పూలదండలు, శాలువాలకు అంతకన్నా ఎక్కువే అవుతుంది. ధరావతు స్థానంలో టీచరు సంతకమో, తల్లి సంతకమో తీసుకుంటే చాలు.

బీరువాలో ఏముందన్నది మరో కథ. శిబిరానికి వచ్చిన పిల్లకు ఇవ్వడానికి అట్టలూడిన నీతికథలు, నాయకుల జీవిత చరిత్రలు తప్ప దొరకని శాఖలు బోలెడు. పిల్లల పత్రికల్లో చందమామ ఆగిపోయింది, బాలభారతం కూడా ఆగిపోయింది. అయినా తెలుగులో పిల్లల పుస్తకాలకు మునుపెన్నడూ లేనంత మంచి కాలం ఇది. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ తక్కువ ధరలకు రంగుల బొమ్మల పుస్తకాలు వేస్తోంది. అమెరికాలోని తెలుగువారి సంఘం తానాతో కలిసి కొత్త రచయితలవీ, చిత్రకారులవీ తెస్తోంది. నేషనల్ బుక్ ట్రస్టువి ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దింపుకుని అచ్చు వేసుకోవచ్చు. కోల్‌కతాలోని రాజా రామమోహన్‌రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ 1972 నుంచి రాష్ట్రాల వాటాకు తన వాటా కలిపి పుస్తకాలు కొనిపెడుతోంది. రాష్ట్రం తన వాటా వేయకపోతే ఆ సాయానికీ గండిపడుతుంది. పుస్తకాల ఎంపిక, కొనుగోలు సకాలంలో జరగడం లేదని ప్రచురణకర్తలు ఏనాటి నుంచో మొత్తుకుంటున్నారు. ప్రతి శాఖకూ ఏడాదికి అయిదు వేల రూపాయలు బాలల పుస్తకాలకే కేటాయించి, ఎంపికను లైబ్రేరియన్‌కు వదిలేస్తే ఈ మొత్తుకోలు కొంతైనా తగ్గుతుంది. ఆ ఊరి పిల్లలకు ఏం కావాలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చున్న కమిటీకన్నా ఆయనకే బాగా తెలుసు.

స్థలం సమస్యా ఉంది. ఏ పట్టణంలో చూసినా గ్రంథాలయం ఇప్పుడు పోటీ పరీక్షల అభ్యర్థులది. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ పుస్తకాలు ముందేసుకుని పొద్దుటి నుంచీ కుర్చీ వదలని యువకులు. వాళ్లకు ఇంట్లో చోటు లేదు, నగరంలో రీడింగ్ రూముకు కట్టే డబ్బు లేదు. వాళ్లను కదపమని ఎవరూ చెప్పలేరు. పిల్లలొస్తే గోల, గోలయితే వాళ్ల చదువు చెడుతుంది. వరండాలోనో చెట్టు కిందో పిల్లలను కూర్చోబెడతారు, మే నెల ఎండలో. నాకు తట్టిన మార్గం ఒకటుంది. ఆ అభ్యర్థుల్లో డీఎస్సీకి చదివేవాళ్లు రేపటి టీచర్లు. రోజుకో గంట, కొద్దిపాటి గౌరవవేతనం ఇచ్చి నలుగురు పిల్లలకు పైకి చదివి వినిపించే పని వాళ్లకు అప్పగిస్తే, శిబిరానికి మనుషుల కొరత తీరుతుంది. రెండు వర్గాల మధ్య కుర్చీల పంచాయితీ కూడా కాస్త చల్లారుతుంది.

పైసా ఖర్చు లేని పని ఇంకొకటుంది. సమగ్ర శిక్ష పథకం కింద బడి గ్రంథాలయానికి ఏటా ప్రాథమిక పాఠశాలకైతే 5,000 రూపాయల వరకూ, పై తరగతుల బడులకు ఇంకా ఎక్కువ గ్రాంటు ఇవ్వవచ్చు. ఆ డబ్బుతో కొన్న పుస్తకాలే ఏప్రిల్ 23 సాయంత్రం తాళం కిందికి వెళ్లేవి. హెడ్‌మాస్టర్ ఒక పెట్టెలో రెండు వందల పుస్తకాలు సర్ది, జాబితా రాయించి, దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి వేసవి సెలవులు అయ్యేదాకా అప్పగిస్తే సరి. శాఖ లేని ఊళ్లో పంచాయతీ కార్యాలయం ఉంది. జూన్ 12న లెక్క చూసుకుని తెచ్చుకుంటారు. దీనికి రెండు శాఖలు కలిసి ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. అదే జరగడం లేదు, ఎందుకంటే విద్యాశాఖ పుస్తకం గ్రంథాలయ శాఖ బీరువాలోకి వెళ్లడం పాలనకు అలవాటు లేని పని.

సిబ్బంది గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రిటైరైనవారి స్థానాలు నింపకపోతే ఒకే లైబ్రేరియన్ రెండు మూడు శాఖలు చూస్తాడు. ఇక్కడ తెరిచిన రోజు అక్కడ తాళం. జిల్లా గ్రంథాలయ సంస్థ చైర్మన్ పదవి పార్టీ కార్యకర్తల పునరావాసంగా మారిన సంగతీ అందరికీ తెలిసిందే. ప్రభుత్వం మారితే కుర్చీ మారుతుంది. బకాయిల కోసం మునిసిపాలిటీతో పోట్లాడాల్సిన మనిషి అదే పార్టీ మునిసిపల్ చైర్మన్‌తో పోట్లాడతాడా?

రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో గ్రంథాలయాలు 20వది. 2023–24 కేంద్ర బడ్జెట్‌లో పిల్లలకూ కౌమారులకూ జాతీయ డిజిటల్ గ్రంథాలయం ప్రకటించినప్పుడు, పంచాయతీ, వార్డు స్థాయిలో గ్రంథాలయాలు పెట్టేలా రాష్ట్రాలను ప్రోత్సహిస్తామన్నారు. కాగితం మీద ఎక్కడా లోటు లేదు. కావాల్సినవి మూడే: సెస్సు నేరుగా గ్రంథాలయ ఖాతాకు చేరే ఏర్పాటు, శాఖకు ఏటా పుస్తకాల కోసం కాస్త సొమ్ము, పోయిన పుస్తకానికి లైబ్రేరియన్‌ను శిక్షించని ఒక ఉత్తర్వు. వచ్చే వేసవిలోపు జరగదగిన పనులివి. కొత్త పన్ను అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు.

అడిగేవాడు లేకే సెస్సు ఆగింది కాబట్టి అడగాల్సింది మనమే. మీ పురపాలక సంఘం గత మూడేళ్లలో ఎంత గ్రంథాలయ సెస్సు వసూలు చేసింది, అందులో ఎంత జమ చేసింది, ఆ సొమ్ముతో మీ శాఖకు ఎన్ని బాలల పుస్తకాలు వచ్చాయి? సమాచార హక్కు చట్టం కింద ఈ మూడు ప్రశ్నలు రాసి ఇవ్వండి. తెలుగు రాష్ట్రాల్లో దరఖాస్తు రుసుము గ్రామస్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి.